చుంచెలుక పిండంలో తొలి నాలుగు రోజులు: మిథైలేషన్ గ్రాఫ్‌ని ఎలా చదవాలి

గుణుపురం నుంచి ఎమ్మెస్సీ జువాలజీ చదువుతున్న తమ్ముడు అడిగింది ఇదీ. వచ్చే వారం సెమినార్. అంశం చుంచెలుక తొలి పిండంలో ఎపిజెనెటిక్ మార్పులు, అంటే డీఎన్ఏ అక్షరాలు మారకుండానే జన్యువుల వాడకాన్ని మార్చే గుర్తులు. పుస్తకంలో ఒక గ్రాఫ్ ఉంది. ఫలదీకరణ అయ్యాక డీఎన్ఏ మీది మిథైలేషన్ (మిథైల్ అనే చిన్న రసాయన గుంపు అంటుకుని ఉండటం) తగ్గుకుంటూ వస్తుంది, బ్లాస్టోసిస్ట్ (లోపల నీరు చేరిన బంతి లాంటి పిండం) దగ్గర అట్టడుగుకు చేరుతుంది, పిండం గర్భాశయానికి అంటుకున్నాక మళ్ళీ పైకి లేస్తుంది. "మిథైలేషన్ ఉంటే జన్యువు ఆఫ్, పోతే ఆన్ అని చదువుకున్నాం కదా సార్, మరి బ్లాస్టోసిస్ట్‌లో జన్యువులన్నీ ఒకేసారి ఎందుకు ఆన్ అవ్వవు? అన్నీ చెరిగిపోతే ఇంప్రింటింగ్, అంటే జన్యువు తల్లిదా తండ్రిదా అనే గుర్తు, ఎలా మిగులుతుంది? తల్లిదండ్రుల తిండి ప్రభావం మనవల దాకా వస్తుందంటారు, అదెంత నిజం?" అని మూడు ప్రశ్నలు. ప్లస్ టూ ఒడియాలో, డిగ్రీ ఇంగ్లీషులో అయిందట. తెలుగులో చెబితే ఇంట్లో చెల్లికి కూడా చూపిస్తానన్నాడు.

నేను చాలా ఏళ్ళు ఎలుక పిండాలతోనే పని చేశాను, ఇప్పుడు బరంపురంలో పాఠాలు చెబుతున్నాను. ముందు అసలు మాట చెప్పేస్తా తమ్ముడూ. ఆ గ్రాఫ్‌లో తప్పేమీ లేదు. దాన్ని జన్యువుల పనితీరు గ్రాఫ్ అనుకుని చదవడంలోనే చిక్కంతా ఉంది. చుంచెలుక పిండంలో మొదటి నాలుగు రోజులు ఏ జన్యువు పని చేయాలో తేల్చేది ప్రధానంగా డీఎన్ఏ మిథైలేషన్ కాదు. అప్పుడు అది చేసే పని వేరు. ఆ పనేంటో తెలిస్తే నీ మూడు ప్రశ్నలకీ జవాబు దొరుకుతుంది.

ముందు కాలం లెక్క చూద్దాం. ఆడ, మగ ఎలుకల్ని రాత్రి కలిపి ఉంచి, తెల్లారి యోని దగ్గర గట్టిపడిన ప్లగ్ కనిపిస్తే ఆ మధ్యాహ్నాన్ని సగం రోజు అని, అంటే ఈ0.5 అని లెక్కవేస్తాం. ఈ1.5కి రెండు కణాలు. ఈ2.5కి ఎనిమిది. విడివిడిగా గుండ్రంగా ఉన్న కణాలు ఆ దశలోనే ఒకదానికొకటి ఒత్తుకుని, హద్దులు కనిపించనంతగా ముద్ద అయిపోతాయి. ఈ3.5కి లోపల నీరు చేరిన బ్లాస్టోసిస్ట్. ఈ4.5 ప్రాంతంలో గర్భాశయానికి అంటుకుంటుంది. మొత్తం గర్భం 19, 20 రోజులే. ఇందులో గమనించాల్సింది పిండం నిదానం. కప్ప పిండం అరగంటకోసారి చీలుతూ పన్నెండు విభజనలు దాటి, వేల కణాలు అయ్యాక గానీ సొంత జన్యువుల్ని గట్టిగా వాడుకోదు. చుంచెలుక మొదటి విభజనకే పద్దెనిమిది, ఇరవై గంటలు తీసుకుంటుంది. కానీ సొంత జన్యువుల్ని మాత్రం రెండు కణాల దశలోనే తెరిచేస్తుంది.

అంతవరకు నడిచేదంతా తల్లి ఇచ్చిన సరుకుతోనే. అండం పెరిగేటప్పుడు ఆర్ఎన్ఏ, ప్రోటీన్లు పోగు చేసుకుంటుంది. పూర్తిగా పెరిగాక ట్రాన్స్‌క్రిప్షన్, అంటే డీఎన్ఏ నుంచి ఆర్ఎన్ఏ చేయడం, ఆపేస్తుంది. ఫలదీకరణ తర్వాత ఒక్క కణం దశ చివర్లో చిన్న అల ఒకటి లేస్తుంది, కొద్దిగా, కాస్త అడ్డదిడ్డంగా. రెండు కణాల దశ మధ్య నుంచి చివరికల్లా పెద్ద అల వస్తుంది, వేల జన్యువులు మొదలవుతాయి. దీన్నే జైగోటిక్ జీనోమ్ యాక్టివేషన్ అంటారు. అదే సమయానికి తల్లి ఆర్ఎన్ఏలో ఎక్కువ భాగం తరిగిపోతుంది. మనిషిలో ఈ పెద్ద అల నాలుగు నుంచి ఎనిమిది కణాల మధ్య వస్తుంది, సెమినార్‌లో రెండూ కలిపేయకు. ఆల్ఫా అమానిటిన్ అనే విషపు పుట్టగొడుగు పదార్థంతో ఆర్ఎన్ఏ చేసే ఎంజైమ్ అయిన ఆర్ఎన్ఏ పాలిమరేజ్ 2ని ఆపితే పిండం రెండు కణాల దగ్గరే ఆగిపోతుంది. మొదటి విభజనకు సొంత జన్యువులు అక్కర్లేదు, రెండో దానికి కావాలి అని అంత సాఫీగా చూపించే ప్రయోగం ఇంకోటి లేదు.

ఇప్పుడు మిథైలేషన్. శుక్రకణంలో సీపీజీ చోట్లలో (డీఎన్ఏలో సైటోసిన్ పక్కనే గ్వానిన్ వచ్చే చోట్లు) సుమారు 80 నుంచి 90 శాతం మిథైలేట్ అయి ఉంటాయి. అండంలో సుమారు 40 శాతం. బ్లాస్టోసిస్ట్ లోపలి కణాలకొచ్చేసరికి సుమారు 20 శాతం. తగ్గడం తల్లి వైపు, తండ్రి వైపు ఒకేలా జరగదు, దీన్ని సూక్ష్మదర్శినిలో నేరుగా చూడొచ్చు.

ఎలా చూస్తామో చెబుతా, నీ సెమినార్‌కి పనికొస్తుంది. ప్లగ్ కనిపించిన పొద్దున అండవాహికను తీస్తే అందులో ఆంపుల్లా అనే భాగం ఉబ్బి, గోడ పారదర్శకంగా అయి ఉంటుంది. సన్నటి సూదితో దాన్ని చీరితే జిగురుగా ఒక ముద్ద బయటికి జారుతుంది, జైగోట్లు, అంటే ఫలదీకరణ అయిన ఒక్క కణం పిండాలు, అందులోనే ఉంటాయి. హయలురొనిడేజ్ అనే ఎంజైమ్ చుక్కలో వేస్తే చుట్టూ ఉన్న క్యూములస్ కణాలు విడిపోతాయి. మంట మీద సాగదీసిన గాజు గొట్టంతో ఒక్కో జైగోట్‌ను ఏరి, ఫిక్స్ చేసి, హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో డీఎన్ఏ పోగుల్ని విడదీసి, 5-మిథైల్ సైటోసిన్‌ని పట్టే యాంటీబాడీ వేయాలి. ఆమ్లం సరిగ్గా పనిచేయకపోతే యాంటీబాడీకి పట్టుకోవడానికి ఏమీ దొరకదు, కొత్త పిల్లలు నెలల తరబడి తల పట్టుకునేది ఇక్కడే. అన్నీ కుదిరాక ఫ్లోరెసెన్స్‌లో చూస్తే ఒకే కణంలో రెండు ప్రోన్యూక్లియస్‌లు (తల్లి, తండ్రి డీఎన్ఏలు ఇంకా విడివిడిగా ఉన్న కేంద్రకాలు) కనిపిస్తాయి. ధ్రువకణం (అండం విభజనలో విడిపోయిన చిన్న కణం) పక్కన ఉన్న చిన్నది తల్లిది, అది మెరుస్తూ ఉంటుంది. పెద్దది తండ్రిది, అది దాదాపు చీకటిగా ఉంటుంది. వచ్చేటప్పుడు 80 శాతంపైన గుర్తులతో వచ్చింది, కొన్ని గంటల్లో యాంటీబాడీకి అందకుండా పోయింది. ఈ తేడాను 2000లో ప్రచురించారు, ఇప్పటికీ పిల్లలకు ఆ ఫొటో చూపిస్తే ఒక్క నిమిషం నోరు మెదపరు.

తర్వాతి పదేళ్ళలో దీని వెనకున్న యంత్రాంగం తెలిసింది. అండంలోంచి వచ్చే టెట్3 అనే ఎంజైమ్ మిథైల్ గుంపును ఆక్సీకరణం చేసి 5-హైడ్రాక్సీమిథైల్ సైటోసిన్‌గా, ఆపై ఇతర రూపాలుగా మారుస్తుంది. 2011లో మూడు బృందాలు దీన్ని చూపించాయి. తల్లి వైపు డీఎన్ఏని కాచేది స్టెల్లా అనే ప్రోటీన్. అది హెచ్3కే9 డైమిథైలేషన్ (డీఎన్ఏ చుట్టుకునే హిస్టోన్ ప్రోటీన్ల మీది ఒక గుర్తు) ఉన్న క్రొమాటిన్‌ని, అంటే డీఎన్ఏ, హిస్టోన్ల కట్టని, పట్టుకుని టెట్3ని దగ్గరికి రానివ్వదు. ఆ తర్వాత డీఎన్ఏ రెట్టింపయినప్పుడల్లా కొత్త పోగుకు గుర్తులు పెట్టాల్సిన డీఎన్‌ఎంటీ1 అనే ఎంజైమ్ తగినంతగా కేంద్రకంలో ఉండదు కాబట్టి రెండు వైపులా గుర్తులు విభజన విభజనకీ పలచనవుతాయి. అంటే చెరపడం కొంత, తిరిగి రాయకపోవడం చాలా.

మరి ఇంత తంతు జన్యువుల్ని తెరవడానికేనా? ఇక్కడే చాలామంది ఉపన్యాసకులు గబగబా అవునని దాటేస్తారు. నాకది మింగుడు పడదు. ఆధారాలు చూడు. తల్లి నుంచి టెట్3 రాని పిండాల్లో తండ్రి ప్రోన్యూక్లియస్‌లో ఆక్సీకరణం జరగదు, వాటిలో చాలా పిండాలు సరిగ్గా ఎదగవు అని మొదట చూసి, చెరపకపోవడమే కారణమనుకున్నారు. 2015లో యీ జాంగ్ బృందం జాగ్రత్తగా విడదీసి చూస్తే అసలు కారణం తర్వాతి దశల్లో టెట్3 ఒకే కాపీ ఉండటం అని తేలింది. తండ్రి గుర్తులు ఆక్సీకరణం కాకపోయినా పిండం నడుస్తుంది. రెండో వైపు చూడు. డీఎన్‌ఎంటీ1, 3ఏ, 3బీ అనే మిథైల్ గుర్తులు పెట్టే ఎంజైములు మూడూ తీసేసిన ఎలుక ఎంబ్రియోనిక్ స్టెమ్ కణాలు (పిండం నుంచి తీసిన, ఇతర కణాలుగా మారగల కణాలు) మిథైలేషన్ దాదాపు లేకుండానే బతుకుతాయి, పెరుగుతాయి. కానీ అవి వేరే రకం కణాలుగా మారాల్సి వచ్చినప్పుడు చతికిలబడతాయి. డీఎన్‌ఎంటీ1 లేని పిండం కూడా తొలి రోజుల్లో కాదు, గర్భం మధ్యలో చనిపోతుంది, ఇది 1992 నాటి మాట. ఉన్నా ఫరవాలేదు, లేకున్నా ఫరవాలేదు అన్నట్టు నడిచే రోజుల్లో దాన్ని జన్యువుల స్విచ్ అని ఎలా అంటాం?

తెరిచేది ఎవరో కూడా ఇప్పుడు చాలావరకు తెలుసు. రెండు కణాల దశలో చిత్రమైన సంగతి ఒకటి జరుగుతుంది. ఎంఈఆర్‌వీఎల్ అనే పాత రెట్రోవైరస్ శకలాలు జీనోమ్ నిండా చెల్లాచెదురుగా ఉంటాయి, అవి ఆ ఒక్క దశలో విపరీతంగా పని చేస్తాయి. వాటి చివరల్ని ప్రమోటర్లుగా (జన్యువు పనిని మొదలుపెట్టే చోట్లుగా) వాడుకుని పక్క జన్యువులు కూడా మొదలవుతాయి. డక్స్ అనే ప్రోటీన్ వీటిని లేపుతుందని 2017లో తేలింది. వెంటనే అందరూ తాళంచెవి దొరికిందన్నారు. తీరా డక్స్ తీసేసిన ఎలుకలు కొన్ని లోపాలతోనైనా పుట్టాయి, పెరిగాయి. 2023లో ఓబాక్స్ అనే ప్రోటీన్ల కుటుంబం ముందుకొచ్చింది, వాటిని మూకుమ్మడిగా తీసేస్తే పిండం రెండు, నాలుగు కణాల దగ్గరే చిక్కుకుపోతుంది. ఇవన్నీ డీఎన్ఏని చదివి పట్టుకునే ట్రాన్స్‌క్రిప్షన్ ఫ్యాక్టర్లు. మిథైలేషన్ తగ్గినంత మాత్రాన జన్యువు మొదలవదు, పట్టుకునే ప్రోటీన్ ఆ కణంలో ఉండాలి. నీ మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. బ్లాస్టోసిస్ట్‌లో హిమోగ్లోబిన్ జన్యువు ఆఫ్‌లో ఉందంటే అక్కడ మిథైల్ గుర్తు ఉందని కాదు, దాన్ని తెరిచే ప్రోటీన్లు ఇంకా పుట్టలేదని.

హిస్టోన్ల సంగతి వదిలేస్తే కథ సగమే అవుతుంది. మామూలు కణంలో హెచ్3కే4 ట్రైమిథైలేషన్ అనే హిస్టోన్ గుర్తు పనిచేసే జన్యువు మొదట్లో సన్నటి శిఖరంలా కనిపిస్తుంది. ఎలుక అండంలో అలా కాదు, ప్రమోటర్లకు చాలా దూరం దాకా వెడల్పుగా పరుచుకుని ఉంటుంది. 2016లో ఒకేసారి మూడు బృందాలు దీన్ని బయటపెట్టాయి. రెండు కణాల దశ చివరికల్లా కేడీఎం5ఏ, 5బీ అనే ఎంజైములు ఈ వెడల్పు గుర్తుల్ని కత్తిరించి మామూలు శిఖరాలుగా చేస్తాయి. ఆ కత్తిరింపును ఆపితే జీనోమ్ యాక్టివేషన్ దెబ్బతింటుంది, బ్లాస్టోసిస్ట్‌లు తక్కువగా వస్తాయి. అంటే ఆ రోజుల్లో జన్యువుల పనిని నిజంగా నియంత్రించే ఎపిజెనెటిక్ మార్పు కావాలంటే హిస్టోన్ల దగ్గర వెతుక్కోవాలి. పరీక్షలో ఎపిజెనెటిక్స్ అనగానే మిథైలేషన్ ఒక్కటే రాసేవాళ్ళకి నేను మార్కులు తగ్గిస్తాను, ముందే చెబుతున్నా.

బయటి పొర, లోపలి ముద్దగా కణాలు విడిపోవడం గురించి రెండు ముక్కల్లో చెబుతా. బయటి కణాల్లో హిప్పో మార్గం (కణం లోపలి ఒక సంకేతాల వరుస) నెమ్మదించి, యాప్ అనే ప్రోటీన్ కేంద్రకంలోకి వెళ్ళి, టీఈఏడీ4 అనే ప్రోటీన్‌తో కలిసి సీడీఎక్స్2 జన్యువుని లేపుతుంది, అవి మావి వైపు కణాలవుతాయి. లోపలి కణాల్లో ఆక్ట్4, నానాగ్ అనే ప్రోటీన్లు మిగులుతాయి. ఇక్కడ కూడా ముందు వచ్చేది కణం ఉన్న చోటు. మిథైలేషన్ తేడాలు తర్వాత వచ్చి ఆ నిర్ణయాన్ని గట్టిపరుస్తాయి.

రెండో ప్రశ్న నాకు బాగా ఇష్టం. 1984లో మెక్‌గ్రాత్, సోల్టర్ ఒక వైపు, సురానీ బృందం ఇంకో వైపు ప్రోన్యూక్లియస్‌లు మార్చి చూశారు. రెండూ తల్లివైతే పిండం కొంత పెరిగింది గానీ మావి కణజాలం సరిగ్గా ఏర్పడలేదు. రెండూ తండ్రివైతే మావి వైపు కణజాలం వచ్చింది, పిండమే సరిగ్గా పెరగలేదు. రెండు రకాలూ బతకలేదు. అంటే జన్యువుల సంఖ్య సరిపోతే చాలదు, ఎవరి నుంచి వచ్చాయో గుర్తు ఉండాలి. ఆ గుర్తున్న తొలి జన్యువులు 1991లో దొరికాయి: ఐజీఎఫ్2, ఐజీఎఫ్2ఆర్, హెచ్19.

ఐజీఎఫ్2, హెచ్19 పక్కపక్కనే ఉంటాయి. వాటి మధ్య ఉన్న నియంత్రణ భాగం తండ్రి వైపు మిథైలేట్ అయి ఉంటుంది, తల్లి వైపు ఖాళీగా ఉంటుంది. ఖాళీగా ఉన్నచోట సీటీసీఎఫ్ అనే ప్రోటీన్ కూర్చుని, అవతలున్న ఎన్‌హాన్సర్ (జన్యువు పనిని పెంచే డీఎన్ఏ ముక్క) ఐజీఎఫ్2ని చేరకుండా అడ్డుకుంటుంది. కాబట్టి తల్లి వైపు ఐజీఎఫ్2 పనిచేయదు. తండ్రి వైపు మిథైలేషన్ వల్ల సీటీసీఎఫ్ కూర్చోలేదు, ఐజీఎఫ్2 పనిచేస్తుంది. గమనించావా? ఇక్కడ మిథైలేషన్ ఉంటే జన్యువు ఆన్ అయింది. ఉంటే ఆఫ్ అని నేర్పిన సూత్రం తిరగబడింది.

మరి తండ్రి ప్రోన్యూక్లియస్ అంతా చీకటైపోయినప్పుడు ఆ ఒక్క ముక్క ఎలా మిగిలింది? సంక్రాంతికి మన ఇళ్ళల్లో గోడలన్నిటికీ సున్నం కొడతారు, దేవుడి గూటి దగ్గరున్న పసుపు కుంకుమ బొట్లు మాత్రం ఎవరూ ముట్టుకోరు. అట్లాంటిదే. ముట్టుకోనివ్వకుండా కాపలా కాసే ప్రోటీన్ పేరు జడ్‌ఎఫ్‌పీ57. టీజీసీసీజీసీ అనే ఆరక్షరాల వరుసలో మిథైల్ గుర్తు ఉంటేనే అది పట్టుకుంటుంది. పట్టుకున్నాక ట్రిమ్28 అనే ప్రోటీన్‌ని పిలుస్తుంది, దాని వెంట హెచ్3కే9 ట్రైమిథైలేషన్ పెట్టే ఎంజైములు, డీఎన్‌ఎంటీలు వస్తాయి. గుర్తు ఉన్న కాపీ మీదే కాపలా ఉంటుంది, గుర్తు లేని కాపీ వైపు అది పోదు. అందుకే తల్లి, తండ్రి తేడా అలాగే మిగులుతుంది. జడ్‌ఎఫ్‌పీ445 కూడా ఇందులో చేయి వేస్తుంది. తొలి రోజుల్లో మిథైలేషన్ అసలు పని ఇదే: ఈ కొద్ది చోట్ల జ్ఞాపకం నిలపడం.

ఇంకో విషయం, కొత్తది, చాలా పుస్తకాల్లోకి ఇంకా ఎక్కలేదు. 2017లో అజుసా ఇనోవె, జాంగ్ మరో రకం ఇంప్రింటింగ్ చూపించారు. అందులో డీఎన్ఏ మిథైలేషన్ లేదు. తల్లి వైపు హెచ్3కే27 ట్రైమిథైలేషన్ జన్యువును మూసి ఉంచుతుంది. ఆడ పిండంలో తొలి దశలో ఎప్పుడూ తండ్రి ఎక్స్ క్రోమోజోమే మూతపడటానికి కారణం కూడా ఇదే. తల్లి ఎక్స్ మీది ఎక్సిస్ట్ జన్యువును ఈ హిస్టోన్ గుర్తు మూసి ఉంచుతుంది. కాబట్టి తండ్రి ఎక్స్ మాత్రమే ఎక్సిస్ట్ ఆర్ఎన్ఏ చేసి తనని తాను మూసుకుంటుంది. మావి కణాల్లో అది అలాగే ఉండిపోతుంది. బ్లాస్టోసిస్ట్ లోపలి కణాల్లో మళ్ళీ తెరుచుకుని, తర్వాత ఏదో ఒక ఎక్స్ యాదృచ్ఛికంగా మూతపడుతుంది. మేరీ లయన్ 1961లో చెప్పినది ఈ రెండో దశ గురించి.

మూడో ప్రశ్న, తిండి. ఇక్కడ ఆచితూచి మాట్లాడాలి, వాట్సాప్‌లో దీని మీద తిరిగే సరుకు అంతా ఇంతా కాదు. అందరూ చూపించేది పసుపు రంగు అగూటీ ఎలుకని. ఆ ఎలుకలో అగూటీ జన్యువు పైన ఐఏపీ అనే రెట్రోవైరస్ ముక్క వచ్చి చేరింది. ఆ ముక్క మిథైలేట్ కాకపోతే జన్యువు ఎప్పుడూ పనిచేసి ఎలుక పసుపుగా, లావుగా అవుతుంది. మిథైలేట్ అయితే మామూలు గోధుమ రంగు. 2003లో వాటర్‌ల్యాండ్, జర్టిల్ తల్లులకు ఫోలిక్ యాసిడ్, బీ12, కోలిన్, బీటెయిన్ తినిపిస్తే గోధుమ రంగు పిల్లలు ఎక్కువగా పుట్టాయని చూపించారు. అది నిజమే. ఐఏపీలు తొలి పిండంలో చెరిగిపోకుండా మొండికేస్తాయి, కాబట్టి ఇలా జరగడానికి వీలూ ఉంది. కానీ 2018లో కేంబ్రిడ్జ్‌లో ఫెర్గూసన్ స్మిత్ బృందం ఇలాంటి ఐఏపీలు జీనోమ్‌లో ఇంకెన్ని ఉన్నాయని వెతికితే, వేలల్లోంచి బయటపడ్డవి చాలా తక్కువ. అందులోనూ ఎక్కువ చోట్ల ఆ తేడాలు ప్రతి తరంలో కొత్తగా ఏర్పడేవే. ఒక్క ఎలుకలో ఒక్క జన్యువు దగ్గర జరిగిందాన్ని మన తాతల తిండికి అతికించడం దూకుడు. ఎవరైనా ఆ పేరు చెప్పి గర్భిణులకు పొడులు అమ్ముతుంటే ఇంట్లో వాళ్ళని దూరంగా ఉండమను. డాక్టర్ రాసే ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేరు, అవి బిడ్డ వెన్నుపాము లోపాలు రాకుండా, వాటికి గట్టి ఆధారం ఉంది, మానకూడదు.

పరిసరాల ప్రభావం తొలి పిండం మీద నిజంగా ఎక్కడ కనిపిస్తుందంటే, గిన్నెలో. 2000లో డోహర్టీ, బార్టొలోమీ తదితరులు ఎలుక పిండాలను రెండు రకాల ద్రవాల్లో పెంచారు. విట్టెన్ ద్రవంలో పెరిగినవాటిలో హెచ్19 తండ్రి వైపు నుంచి కూడా పనిచేసింది. అమైనో ఆమ్లాలు కలిపిన కేఎస్‌ఓఎంలో పెరిగినవాటిలో మామూలుగా తల్లి వైపు నుంచే పనిచేసింది. జన్యువులు అవే, గిన్నెలో ద్రవం మారితే గుర్తు జారింది. అందుకే మేము ఇంక్యుబేటర్ తలుపు దగ్గర అంత చాదస్తంగా ఉంటాం. మే నెలలో ఇక్కడ కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు కార్బన్ డయాక్సైడ్ తగ్గితే, మినరల్ ఆయిల్ కింద ఉన్న చుక్కలో ఆమ్లత్వాన్ని చూపే ఫినాల్ రెడ్ రంగు నారింజ నుంచి గులాబీకి తిరుగుతుంది. అలాంటి చుక్కలోని పిండాలు చూడ్డానికి బాగున్నా, బ్లాస్టోసిస్ట్ అయినా, వాటి జన్యు ఫలితాలను లెక్కలో చేర్చడానికి నాకు మనసొప్పదు.

మీ కాలేజీలో మౌస్ హౌస్ లేదు, ప్రాజెక్ట్ ఎలా చేయాలని చివర్లో అడిగావు. జంతువులతో పని అంటే ఎథిక్స్ కమిటీ అనుమతి, ఎయిర్ కండిషన్డ్ గదులు, ఏళ్ళ ఖర్చు. దాని మీద ఆశ పెట్టుకోకు, లాప్‌టాప్ చాలు. 2014లో డెంగ్, సాండ్‌బర్గ్ తదితరులు రెండు వేరు వేరు ఎలుక రకాల్ని కలిపి పుట్టించిన పిండాల్లో ఒక్కో కణం ఆర్ఎన్ఏని విడిగా సీక్వెన్స్ చేసి డేటా అందరికీ అందుబాటులో పెట్టారు. జైగోట్ నుంచి బ్లాస్టోసిస్ట్ దాకా అన్ని దశలూ ఉన్నాయి. జీఈఓ అనే ఆన్‌లైన్ డేటా నిల్వలో ప్రాసెస్ చేసిన కౌంట్ ఫైళ్ళు (ఏ జన్యువు ఆర్ఎన్ఏ ఎంతుందో చెప్పే పట్టికలు) దొరుకుతాయి, హాస్టల్ వైఫైతో కూడా దిగుతాయి. ఆర్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుని మొదట రెండు కణాల దశలో డక్స్, జడ్‌స్కాన్4 కుటుంబం, ఆ తర్వాత సీడీఎక్స్2, నానాగ్ ఎప్పుడు లేస్తాయో గీతలు గీయి. ఆ గీతల పక్కన నీ మిథైలేషన్ గ్రాఫ్ పెట్టి సెమినార్‌లో చూపించు, రెండూ ఒకదాని వెంట ఒకటి నడవడం లేదని నువ్వు చెప్పకుండానే అందరికీ కనిపిస్తుంది. తల్లి, తండ్రి కాపీల్ని విడదీయాలంటే ముడి రీడ్స్ (సీక్వెన్స్ చేసినప్పుడు వచ్చిన అసలు అక్షరాల వరుసలు) కావాలి, వాటికి పెద్ద కంప్యూటర్ పట్టుకోవాలి. అది రెండో సెమిస్టర్ పని.